రాజమండ్రిలో ఇంటర్నెట్ బేసిక్స్ కోర్సు: ఫీజుకు తగ్గ చదువేనా?

ముందే చెప్పేస్తాను. కట్టిన 3,500 రూపాయల్లో ఓ రెండు వేలకు చదువు వచ్చింది, మిగతాది గోదాట్లో కలిసింది. అయినా ఎవరైనా అడిగితే చేరమనే చెబుతున్నాను. ఆ రెండు వేల చదువు ఇంకోచోట అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు నాకు కనిపించలేదు. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కాబట్టి ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయను. రాజమండ్రిలో ఇలాంటివి వీధికొకటి ఉన్నాయి, ఎందులో చేరినా చూసుకోవాల్సినవి ఇవే.

మాది కడియపులంకలో నర్సరీ. మొక్కల పని మామగారు, మా ఆయన చూసుకుంటారు. ఫోన్లు, బిల్లులు, లారీ లోడింగ్ లెక్కలు నావి. ఈ మధ్య హైదరాబాద్, బెంగళూరు పార్టీలు ఫోన్ చేస్తే మొదటి మాటే "వెబ్‌సైట్ లింక్ పంపండి" అంటున్నారు. లింకు లేదంటే ఫొటోలు పంపమంటారు. ఒక్కో పార్టీకి నలభై ఫొటోలు వాట్సాప్‌లో పంపడం, వాళ్లు "పైనుంచి పదమూడోది ఎంతండీ" అని అడగడం, నేను పైకి కిందికి వెతుక్కోవడం. వెబ్‌సైట్ చేయిద్దామని ఒకళ్లనడిగితే పాతిక వేలు, మళ్లీ ఏటేటా మెయింటెనెన్స్ అన్నారు. అప్పుడు కనబడింది ఈ పాంప్లెట్: "ఇంటర్నెట్ బేసిక్స్ నుంచి వెబ్ డిజైనింగ్ దాకా, నెలన్నరలో."

బ్యాచ్‌లో ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు, రిటైరైన లెక్కల మాస్టారు, బ్లౌజులు కుట్టే ఒకావిడ, ఇంకా కొందరు. పాఠం చెప్పే అబ్బాయికి పాతికేళ్లుంటాయి. విసుక్కోడు. మాస్టారు ఒకే ప్రశ్న రోజూ అడిగినా "ఆయ్, చెబుతానండి" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఈ కోర్సులో నాలుగు స్టార్లు వేయాల్సింది ఆ అబ్బాయికే.

రూముకు, కంప్యూటర్లకు, పుస్తకానికి కలిపి మాత్రం ఒకటిన్నర. సిస్టమ్స్ అన్నీ విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దాన్ని 2020 జనవరిలోనే వదిలేసింది, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అలాంటి కంప్యూటర్లో కూర్చోబెట్టి "నెట్‌లో జాగ్రత్తగా ఉండటం ఎలా" అని పాఠం. స్పైరల్ బైండింగ్ పుస్తకమైతే ఇంకా విచిత్రం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి అంటుంది. అది 2022 జూన్‌లో రిటైరైంది. యాహూ గ్రూప్స్‌లో చేరండి అంటుంది. 2020 డిసెంబర్లో మూతపడింది. ఫేస్‌బుక్ కంటే ముందు మన దగ్గర అలాంటిదే ఉన్న ఆర్కుట్‌లో ప్రొఫైల్ పెట్టుకోమని కూడా ఉంది. ఆర్కుట్ పోయి పదేళ్లు దాటింది! డిగ్రీ అమ్మాయిలకు ఆ పేరే తెలీదు. జిరాక్స్ తీసి బైండింగ్ చేయించే ముందు ఒక్కసారి ఎవరైనా చదవాలి కదా.

మొదటి వారం బ్రౌజర్, సెర్చ్, మెయిల్. తెలిసినవే అనుకుంటూ కూర్చున్నాను గానీ వెబ్ అడ్రసు చదవడం మాత్రం బాగా చెప్పాడు. ఉత్తరం మీద అడ్రసులో ఊరు, జిల్లా చివర్లో చూసుకున్నట్టే దీన్ని కూడా చివర్నుంచి చూడాలి. మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతలు (//) వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగాలి. దానికి ముందున్న డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి ముక్కకు ఎడమ పక్కనున్న పేరే అసలు ఓనరు. ఇంకా ఎడమకు ఎన్ని పేర్లైనా తగిలించుకోవచ్చు. బ్యాంకు పేరు మొదట్లో పెట్టి, చివర ఎవరిదో పేరుంటే అది బ్యాంకుది కాదు. కేవైసీ అప్‌డేట్ చేయండంటూ వచ్చే మెసేజ్‌ల లింకులు బోర్డు మీద రాసి, ఒక్కొక్కరినీ లేపి చదివించాడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా అప్పుడే రాయించాడు.

పుస్తకంలో "తాళం గుర్తు ఉంటే ఆ సైటు సురక్షితం" అని ఉంది. అదొక్కటీ కొట్టేయించాడు. తాళం ఉంటే మన కంప్యూటర్‌కీ ఆ సైట్‌కీ మధ్య వెళ్లే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతలి వాడు దొంగైనా తాళం పెట్టుకోవచ్చు. జనం దీన్ని అపార్థం చేసుకుంటున్నారనే క్రోమ్ వాళ్లు 2023లో ఆ గుర్తునే తీసేశారట.

మెయిల్ పాఠంలో నాకు పనికొచ్చింది బీసీసీ. రేట్ల లిస్టు అన్ని పార్టీలకూ ఒకేసారి పంపేటప్పుడు అడ్రసులన్నీ "టు"లో పెడితే ఎవరెవరు మా కస్టమర్లో అందరికీ తెలిసిపోతుంది. మా వ్యాపారంలో అది చిన్న విషయం కాదు. బీసీసీలో పెడితే ఎవరికి వారికే వచ్చినట్టుంటుంది.

ఇక గ్రూపుల పాఠం. పాంప్లెట్‌లో ఒక లైన్ కూడా లేని ఈ పాఠమే కోర్సంతటికీ తలమానికం.

పుస్తకంలోని యాహూని పక్కన పెట్టి ఆ అబ్బాయి గూగుల్ గ్రూప్స్‌లో మెయిల్‌తో ప్రశ్నలు, జవాబులు నడిచే ఒక గ్రూపు నడుపుతున్నాడు. పాత బ్యాచ్‌ల వాళ్లు కూడా అందులో ఉన్నారు. రూలు ఒక్కటే: ఎవరి పనిలోంచి వాళ్లు ఒక నిజమైన ప్రశ్న అడగాలి, ఉత్తుత్తి ప్రశ్నలు వద్దు. బ్లౌజులు కుట్టే ఆవిడ సబ్జెక్టులో "హెల్ప్" అని పెట్టి, కింద "మెషిన్ ప్రాబ్లం, ఎవరైనా చెప్పండి ప్లీజ్" అని రాసింది. రోజంతా ఎవరూ పలకలేదు. మర్నాడు క్లాసులో అబ్బాయి ఆ మెయిల్ తెరమీద పెట్టి, తప్పుపట్టకుండా అడుగుతూ పోయాడు. ఏం కుడుతుంటే? జరీ దారంతో. తెగేది పై దారమా, కింది దారమా? పైది. మామూలు దారంతో కుడితే? తెగడం లేదు. సూది నంబరెంత? 11. ఆవిడ చెప్పేకొద్దీ అదే మెయిల్ మళ్లీ టైప్ చేయించాడు. సబ్జెక్టు "జరీ దారంతో కుడితే పై దారం తెగిపోతోంది, సూది 11" అని మారింది. కింద నాలుగు లైన్లు: మెషిన్ ఏది, సూది ఎంత, మామూలు దారం తెగడం లేదు, ఇంతవరకూ ఏం మార్చి చూశాను.

ఆ మధ్యాహ్నమే పాత బ్యాచ్‌లో మగ్గం వర్క్ చేసే ఒకావిడ జవాబిచ్చింది. సూది బెజ్జం చిన్నదైతే జరీ అందులో రాసుకుని పీచులా రేగి తెగుతుంది, 14 గానీ 16 గానీ వేయమంది. పై దారం టెన్షన్ వదులు చేయమంది, మెషిన్ నెమ్మదిగా తొక్కమంది. మామూలు దారం తెగడం లేదన్న ఆ ఒక్క ముక్క వల్లే మెషిన్‌లో లోపం లేదని తనకు అర్థమైందని కూడా రాసింది. టైలరావిడ మర్నాడు వచ్చి ఏమీ మాట్లాడకుండా కుట్టిన బోర్డర్ ముక్క టేబుల్ మీద పెట్టింది. సరిగ్గా కుదిరింది. అబ్బాయి అంతటితో వదల్లేదు, "ఏం చేస్తే పని చేసిందో గ్రూపులో రాయండి, రేపు ఇదే ఇబ్బంది వచ్చినవాళ్లు వెతికితే దొరకాలి" అన్నాడు.

మా నర్సరీల వాట్సాప్ గ్రూపులో వందల మందిమి ఉన్నాం. తెల్లారితే గుడ్ మార్నింగ్ పూలు, ఆ తర్వాత రాజకీయం, మధ్యలో ఎక్కడో పిండినల్లికి ఏం మందు కొట్టాలో ఒకాయన చక్కగా చెబుతాడు. వారం తర్వాత దాన్ని పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. కొత్తగా చేరినవాళ్లకు పాత మాటలు మామూలుగా కనిపించవు కూడా. ఒక్కో ప్రశ్నకు ఒక్కో సబ్జెక్టు, దాని కిందే జవాబులు అన్న పద్ధతి ఎంత పాతదో, ఎంత ఉపయోగమో ఈ క్లాసులోనే తెలిసింది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో అనుకుని, మరుసటి ఏడాది మొదలుపెట్టిన యూజ్‌నెట్ అనే చర్చా గ్రూపుల నెట్‌వర్క్‌తోనే ఈ పద్ధతి జనంలోకి వెళ్లిందట. తొంభైల్లో అక్కడి మన తెలుగువాళ్లకు కూడా యూజ్‌నెట్‌లో ఒక గ్రూపుండేది. తెరమీద తెలుగు అక్షరాలు రాని రోజులు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవారు. దానికీ ఒక పద్ధతి ఉండేది, ఆర్‌టీఎస్ అని, రైస్ యూనివర్సిటీ పేరుతో. మన దగ్గర మామూలు జనానికి ఇంటర్నెట్ కనెక్షన్ దొరకడం అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా 1995 ఆగస్టు 15న మొదలైంది. అంటే మనకింకా నెట్టే లేని రోజుల నుంచే వాళ్లు అక్కడ తెలుగులో వాదించుకుంటున్నారన్నమాట. మాస్టారికి ఈ కథ తెగ నచ్చేసింది.

తర్వాత తెలుగు వికీపీడియా తెరిపించాడు. 2003 డిసెంబర్‌లో మొదలైన సైటు అది. ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చా పేజీ ఉంటుందని, అందరూ కలిసి మాట్లాడుకోవడానికి రచ్చబండ అని విడిగా ఒక పేజీ ఉందని నేను అప్పుడే చూడటం. ప్రయోగశాల పేజీలో రాసి చెరిపి ప్రాక్టీస్ చేశాం, చివర్లో సంతకం పెట్టడం నేర్చుకున్నాం. పైసా ఖర్చు లేని బడి. ఇన్‌స్టిట్యూట్ దాకా రాలేనివాళ్లు అక్కడే మొదలుపెట్టొచ్చు.

తెలుగు టైపింగ్ పాఠానికి మాత్రం టైము చాలలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మార్చే లేఖిని సైటు చూపించారు, ఫోన్లో మాట్లాడితే టైపయ్యేది చూపించారు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పేరు చెప్పి వదిలేశారు. కానీ నాకు వేరే లాభం కలిగింది. మా పాంప్లెట్లన్నీ డీటీపీ షాపులో అను ఫాంట్లలో చేయించినవి. ఆ మ్యాటర్ కాపీ చేసి పేజీలో పెడితే పిచ్చి గీతలొస్తున్నాయి. అందులో ఉన్నది తెలుగు కాదని, ఇంగ్లీషు గుర్తులకు తెలుగు బొమ్మలు తొడిగినట్టుంటుందని అబ్బాయి చెప్పాడు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరుంటుంది. అందుకే గూగుల్లో వెతికినా దొరుకుతుంది, ఏ ఫోన్లో తెరిచినా కనబడుతుంది. పాత మ్యాటర్ కన్వర్టర్లో వేసి మార్చుకోవచ్చు గానీ ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి.

వెబ్ పేజీ పాఠం నోట్‌ప్యాడ్‌తోనే మొదలవుతుంది. ఈ ఒక్క విషయంలో వాళ్ల పాతకాలపు పద్ధతే మంచిదయింది. రెడీమేడ్ సైట్లలో బొమ్మలు లాగి పెట్టేస్తే అయిపోతుంది, కానీ లోపల ఏముందో తెలీదు. ఇక్కడ పెద్ద హెడ్డింగ్‌కు ఒక ట్యాగ్, పేరాకు ఒకటి, ఫొటోకు ఒకటి, లింకుకు ఒకటి చేత్తో కొట్టి బ్రౌజర్లో తెరిస్తే పేజీ కనబడుతుంది. టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో చేసిన మొట్టమొదటి సైటు 1991 నాటిది. దాన్ని ఇప్పటికీ తెరిచి చూడొచ్చు. తెల్ల కాగితం మీద అక్షరాలు, లింకులు, అంతే. ఇంతేనా అనిపించి ధైర్యం వచ్చింది.

తెలుగు రాసి సేవ్ చేశాక క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. నందివర్ధనం, నూరువరహాలు అని రాసిన చోటల్లా వరసగా ప్రశ్నార్థకాలు! ఆ పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ పద్ధతిలో సేవ్ చేస్తుంది, తెలుగు అక్షరాలకు అందులో చోటు లేదు. హెచ్చరిక వస్తుంది గానీ ఎవరు చదువుతారు, ఓకే కొట్టేస్తాం. సేవ్ యాజ్‌లోకి వెళ్లి కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను సేవ్ చేసే పద్ధతి) పెట్టాలి, పేజీ పైభాగంలో కూడా అదే అని ఒక లైన్ రాయాలి. ఇప్పటి విండోస్‌లో నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో చేస్తుంది. ఇంట్లో మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఈ గొడవే రాలేదు.

ఆ తర్వాత పుస్తకం వెంట పడ్డారు, అక్కడే బోలెడు టైము పోయింది. అక్షరాలను అడ్డంగా పరిగెత్తించే మార్కీ, రంగులకు ఫాంట్ ట్యాగ్, పేజీని ముక్కలు చేసే ఫ్రేములు. ఇవన్నీ ఇప్పటి హెచ్‌టీఎంఎల్‌లో, అంటే ఈ ట్యాగుల భాషలో, వాడొద్దని పక్కన పెట్టేసినవి. రంగులు, సైజులు చూసుకోవాల్సింది సీఎస్ఎస్. దానికి మిగిలింది చివర్లో కాస్త టైము. బ్యాచ్‌లో సగం మంది పేజీల మీద ఎర్రటి "వెల్‌కమ్" కుడి నుంచి ఎడమకు పరిగెడుతూనే ఉంది.

అసలు నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. ఫొటోల బరువు ఒకటి. ఫోన్లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. ట్యాగ్‌లో వెడల్పు 300 అని రాస్తే బొమ్మ చిన్నగా కనిపిస్తుంది గానీ దిగేది నాలుగు ఎంబీయే. ముప్ఫై మొక్కల ఫొటోలు అలా పెడితే చూసేవాడి డేటా వంద ఎంబీ పైన కరిగిపోతుంది. ముందే పెయింట్‌లో రీసైజ్ చేసి 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తెస్తే చాలావరకు రెండు మూడు వందల కేబీకి దిగుతాయి. ఇది నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు, సిలబస్‌లో లేదు. ఫైలు పేర్లు ఇంకొకటి. మాస్టారు గుళ్ల ఫొటోలతో పేజీ చేశారు. క్లాసు కంప్యూటర్లో బ్రహ్మాండంగా కనబడింది, నెట్‌లో పెట్టాక ఒక్క ఫొటో రాలేదు. ఫైలు పేరులో పెద్ద అక్షరం, ట్యాగ్‌లో చిన్న అక్షరం. విండోస్ పట్టించుకోదు, నెట్‌లో పేజీలు ఉంచే సర్వర్లు ఎక్కువగా లినక్స్‌తో నడుస్తాయి కాబట్టి అక్కడ ఆ రెండూ వేర్వేరు ఫైళ్లు. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టమని మొదటి రోజే చెబితే సరిపోయేది.

మూడోది వ్యూపోర్ట్ అనే ఒక్క లైన్. అది లేకపోతే పేజీ ఫోన్లో చీమ తలకాయంత అక్షరాలతో వస్తుంది. మా పార్టీలంతా ఫోన్లోనే చూస్తారు. ఆ లైన్ పుస్తకంలో లేదు, పాఠంలో రాలేదు. డిగ్రీ అమ్మాయిల్లో ఒకామె వెబ్ పేజీలు చేయడం నేర్పే డబ్ల్యూ3స్కూల్స్ సైటులో చూసి మా అందరికీ చెప్పింది.

నాకు ఒళ్లు మండింది హోస్టింగ్ దగ్గర, అంటే పేజీని నెట్‌లో పెట్టే దగ్గర. పాంప్లెట్‌లో "మీ సొంత వెబ్‌సైట్ లాంచ్" అని పెద్దక్షరాలు. చివరి వారంలో ఆఫీసు మేడమ్ వచ్చి లాంచ్‌కు వేరే ప్యాకేజీ, ఇంకో 2,500 అన్నారు. ఫీజు కట్టించుకున్న రోజు ఈ మాట లేదు. గిట్‌హబ్ పేజెస్‌లో ఇలాంటి పేజీలు ఉచితంగానే పెట్టుకోవచ్చు, ఒక సైటుకు ఒక జీబీ దాకా. మాలాంటి వాళ్లకు అది చాలా ఎక్కువ. మన సొంత పేరే కావాలంటే డాట్ ఇన్ పేరు సాధారణంగా ఏడాదికి వెయ్యి లోపే దొరుకుతుంది. మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి మురిసిపోకుండా రెన్యువల్ ఎంతో చూసుకోవాలి. నేను గిట్‌హబ్‌లోనే పెట్టాను. మొక్క పేరు, ఫొటో, కుండీ సైజు, ఫోన్ నంబరు. రేట్లు పెట్టలేదు, సీజన్‌ను బట్టి మారతాయి. ప్రతి మొక్కకూ ఒక నంబరిచ్చాను కాబట్టి ఇప్పుడు పార్టీలు "17 నంబరు రెండు వందల మొక్కలు" అంటున్నారు. మామగారు మాత్రం మందార ఫొటో బాగాలేదని ఇంకా అంటూనే ఉన్నారు.

డబ్బు పెట్టలేనివాళ్లకు ఇదివరకు కేంద్రం వాళ్ల పీఎంజీదిశ ఉండేది, పల్లెల్లో ఇంటికొకరికి 20 గంటల ఉచిత శిక్షణ. అది 2024 మార్చితో ముగిసింది. కాబట్టి ఇలాంటి చోటికే వెళ్లాలి. చేరేముందు ఆ పుస్తకం ఒకసారి తిరగేయండి. అందులో ఆర్కుట్ ఉంటే ఫీజు తగ్గించమని బేరమాడండి. కంప్యూటర్లలో ఏ విండోస్ ఉందో చూడండి. హోస్టింగ్ ఫీజులో కలిసిందో లేదో రసీదు మీద రాయించుకోండి. పాఠం చెప్పేది ఎవరో కనుక్కుని, వీలైతే ఒక క్లాసు వెనక కూర్చుని వినండి. అమ్ముకోవడానికో, చూపించుకోవడానికో మీదంటూ ఒక సరుకు ఉంటే చేరండి. ఊరికే నేర్చుకుందామనుకుంటే మార్కీ పాఠం రోజుకే మానేస్తారు.

సర్టిఫికెట్‌కు వేరే 300 అడిగారు. డిగ్రీ అమ్మాయిలు తీసుకున్నారు, నాకు అవసరం లేక తీసుకోలేదు. స్కూటీ మెట్ల కింద పెట్టుకోవచ్చు. ఎండాకాలం అయితే మాత్రం పొద్దున బ్యాచ్ అడగండి. మధ్యాహ్నం కరెంటు పోతే అక్కడి ఇన్వర్టర్ ఫ్యాన్లకే, కంప్యూటర్లకు కాదు.